నూనె నేసే సూక్ష్మజీవులు

సోలాపూర్ నగరపు తూర్పు పేటలలో మరమగ్గాల చప్పుడు వినిపించని వీధి అరుదు. అశోక్ చౌక్, సాఖర్ పేట, దత్తనగర్ వంటి ప్రాంతాలలో ఇంటి మాట తెలుగు, బజారు మాట మరాఠీ. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుండి పద్మశాలీలు కొన్ని తరాల కిందట బతుకుతెరువు కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. వారు నేసిన చద్దర్లు, తువ్వాళ్లు దేశమంతటా పేరు పొందాయి. సోలాపూర్ చద్దరుకు, సోలాపూర్ టెర్రీ తువ్వాలుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. తెలుగునాట వీటిని ‘షోలాపూర్ దుప్పట్లు’ అని చెప్పుకుంటారు.

వస్త్రం అనగానే మనకు నూలు, రంగు గుర్తుకు వస్తాయి. కాని వస్త్రం తయారుకావడానికి నూనెలు, కొవ్వులు కూడా కావాలి. పడుగు దారానికి గంజి పెట్టేటప్పుడు, దారం పెళుసుబారకుండా ఆ గంజిలో కొద్దిగా కొవ్వునో మైనాన్నో కలుపుతారు. అద్దకం పనిలో రంగు దారానికి సమంగా పట్టడానికి ‘టర్కీ రెడ్ ఆయిల్’ అనే ద్రవాన్ని వాడతారు. పేరులో టర్కీ ఉన్నా అది ఆముదం నుండి తయారయ్యేదే. ఆముదాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చర్య జరిపిస్తే అది నీటిలో కలిసే నూనెగా మారుతుంది. తువ్వాలు చేతికి మెత్తగా తగలడానికి చివరలో వాడే రసాయనాలలో చాలావరకు కొవ్వుల నుండి వచ్చినవే. ఆ బట్టను ఉతికే సబ్బు కూడా నూనె బిడ్డే.

చూడటానికి ఇవన్నీ వేరువేరు వస్తువులు. కాని వీటన్నింటికీ మూలం ఒక్కటే. అదే కొవ్వు ఆమ్లం. ఈ కొవ్వు ఆమ్లాలను ఇంతవరకు మనకు చెట్లు, పశువులు, చేపలు ఇస్తూ వచ్చాయి. ఇప్పుడు కంటికి కనిపించని బాక్టీరియాల చేత కూడా వీటిని తయారు చేయించడం శాస్త్రజ్ఞులు నేర్చుకున్నారు. అది ఎలా సాధ్యమయిందో, దానివల్ల మనకు కలిగే మేలు ఎంతో, మనం ఆలోచించవలసిన విషయాలేమిటో తెలుసుకుందాం.

ముందుగా కొవ్వు ఆమ్లం అంటే ఏమిటో చూద్దాం. అది కార్బన్ పరమాణువులు ఒకదానికొకటి చేయి పట్టుకొని వరుసగా నిలబడిన గొలుసు వంటిది. ఆ గొలుసుకు ఒక చివర ఆమ్ల గుణం ఉన్న తల ఉంటుంది. తల నీటిని ఇష్టపడుతుంది. తోక నూనెను ఇష్టపడుతుంది. సబ్బు మురికిని వదిలించడానికి కారణం ఈ రెండు గుణాలే. తోక బట్టలోని జిడ్డును పట్టుకుంటుంది, తల నీటిని పట్టుకుంటుంది. నీటితోపాటు జిడ్డు కూడా కొట్టుకుపోతుంది.

ఈ గొలుసులన్నీ ఒకే పొడవు ఉండవు. నెయ్యిలో కొద్దిగా ఉండే బ్యుటిరిక్ ఆమ్లంలో 4 కార్బన్‌లే ఉంటాయి. కొబ్బరినూనెలో దాదాపు సగభాగం ఉండే లారిక్ ఆమ్లంలో 12 కార్బన్‌లు ఉంటాయి. పామాయిల్‌లో ఎక్కువగా ఉండే పామిటిక్ ఆమ్లంలో 16, వేరుసెనగ నూనెలోని ఓలీక్ ఆమ్లంలో 18 ఉంటాయి. పొడవు ఒకటే అయినా గుణాలు మారవచ్చు. గొలుసులో కొన్నిచోట్ల రెండు కార్బన్‌ల మధ్య ద్విబంధం ఉంటే అక్కడ గొలుసు వంగుతుంది. వంగిన గొలుసులు దగ్గరగా పేర్చుకోలేవు. అందుకే నెయ్యి చలికాలంలో గడ్డకట్టినా కుసుమ నూనె గడ్డకట్టదు. కుసుమ నూనెలో రెండు ద్విబంధాలున్న లినోలిక్ ఆమ్లం అధికం. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లానికి మరొక విశేషం ఉంది. దాని గొలుసు నడుమ ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన చిన్న కొమ్మ ఒకటి ఉంటుంది. ఆ కొమ్మవల్లనే ఆముదం అంత చిక్కగా ఉంటుంది, అన్ని రకాల పరిశ్రమలకు పనికివస్తుంది.

ఏ గొలుసు గుణం దానిదే. నురుగు బాగా రావాలంటే 12 కార్బన్‌ల గొలుసు కావాలి. గుండెకు, మెదడుకు మేలు చేసే కొన్ని కొవ్వు ఆమ్లాలలో 20 లేదా 22 కార్బన్‌లు, ఐదారు ద్విబంధాలు ఉంటాయి. ఇలా ఒక ప్రత్యేకమైన పనికి అవసరమయ్యే వాటిని ప్రత్యేక కొవ్వు ఆమ్లాలు అంటారు. చిక్కు ఏమిటంటే ఇవి అన్ని మొక్కలలోను దొరకవు. లారిక్ ఆమ్లం కోసం కొబ్బరితోటలకు, నూనెతాటి తోటలకు వెళ్లాలి. ఆ తోటలు ఉష్ణమండలంలోనే పెరుగుతాయి. ఆగ్నేయాసియాలో నూనెతాటి కోసం విశాలమైన అడవులు నరికివేశారు. గుండెకు మేలు చేసే పొడవు గొలుసుల కోసం సముద్రపు చేపలను పట్టాలి. చేపలు కూడా తరగని గని కాదు. అందుకే శాస్త్రజ్ఞుల దృష్టి బాక్టీరియాల మీద పడింది.

బాక్టీరియాలు మనకు కొత్తవి కావు. పాలను తోడుపెట్టి పెరుగు చేసేవి అవే. నేతపనికి కూడా అవి చాలాకాలంగా సాయం చేస్తున్నాయి. నేసిన ముడిబట్ట నుండి గంజిని తొలగించడానికి వాడే ఎంజైములను బాక్టీరియాల నుండే తీస్తారు. ఎంజైము అంటే జీవకణంలో ఒక పనిని వేగంగా చేసిపెట్టే ప్రోటీను. ఒక్కొక్క ఎంజైముకు ఒక్కొక్క పని. గంజిని కోసే ఎంజైము దారాన్ని ముట్టుకోదు.

బాక్టీరియాలలో శాస్త్రజ్ఞులకు బాగా పరిచయమైనది ఇ.కోలై. దీనిని 1885లో థియోడోర్ ఎష్రిక్ అనే వైద్యుడు గుర్తించాడు. ఇది మన పేగులలో నివసిస్తుంది. పొడవు మిల్లీమీటరులో ఐదువందలవ వంతు ఉంటుంది. దీనిలో కొన్ని రకాలు జబ్బు కలిగిస్తాయి. ప్రయోగశాలలలో వాడే కె-12 వంటి రకాలు హాని చేయనివి. అనుకూలమైన పరిస్థితులలో ఇది 20 నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతుంది. ఆహారానికి లోటు లేకపోతే ఒక్క కణం 10 గంటలలో 100 కోట్లకు పైగా పెరుగుతుంది. పంట కోసం నెలలు ఎదురుచూసే మనకు ఈ వేగం ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఇ.కోలై తన అవసరం కోసం కొవ్వు ఆమ్లాలను తానే తయారు చేసుకుంటుంది. తన కణం చుట్టూ ఉండే పొరను కట్టుకోవడానికి అవి దానికి కావాలి. అది చక్కెరను తిని, దానిని రెండేసి కార్బన్‌ల ముక్కలుగా చేస్తుంది. ఒక చిన్న ప్రోటీను ఈ గొలుసును మోస్తూ ఉంటుంది. ఒక్కొక్క చుట్టులో రెండు కార్బన్‌ల చొప్పున గొలుసు పెరుగుతుంది. 4, 6, 8, 10, 12 ఇలా సాగి, సాధారణంగా 16 లేదా 18 దగ్గర గొలుసు పూర్తవుతుంది. అప్పుడు దానిని పొర కట్టడానికి తీసుకుపోతుంది. మరి మనకు 12 కార్బన్‌ల గొలుసు కావాలంటే ఏం చేయాలి?

దీనికి జవాబు తెలుసుకోవాలంటే ఒకసారి జకార్డు మగ్గాన్ని తలచుకోవాలి. సోలాపూర్ చద్దరు మీద నెమలి, పూలు, గడులు ఎలా వస్తాయో నేతగాళ్ల ఇళ్లలోని పిల్లలకు తెలుసు. మగ్గం పైన రంధ్రాలు కొట్టిన అట్టలు వరుసగా కుట్టి ఉంటాయి. రంధ్రం ఉన్నచోట సూది లోనికి పోతుంది, దానికి సంబంధించిన పడుగు దారం పైకి లేస్తుంది. రంధ్రం లేనిచోట దారం లేవదు. లేచిన దారాల కింది నుండి నాడె దూసుకుపోతుంది. ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జకార్డు 1804లో ఈ పద్ధతిని రూపొందించాడు. మగ్గం అదే, నూలు అదే, నేసేవాడూ అతడే. అట్టలు మారిస్తే నెమలి స్థానంలో మామిడి పిందె వస్తుంది.

జీవకణంలో ఈ అట్టల పని చేసేది డి.ఎన్.ఎ. అందులోని ఒక్కొక్క జన్యువు ఒక్కొక్క ప్రోటీనును ఎలా తయారు చేయాలో తెలిపే అట్టల వరుస వంటిది. ఇ.కోలైలో ఇటువంటి జన్యువులు నాలుగు వేలకు పైగా ఉన్నాయి. 1997లో వాటన్నింటినీ శాస్త్రజ్ఞులు పూర్తిగా చదవగలిగారు. ఇంకా ముఖ్యమైన విషయం ఏమిటంటే, అన్ని జీవుల జన్యువులూ ఒకే లిపిలో ఉంటాయి. చెట్టు జన్యువును బాక్టీరియా చదవగలదు. మనిషి జన్యువునూ చదవగలదు. ఒక మగ్గానికి కొట్టిన అట్టలు అదే కొలత ఉన్న మరో మగ్గానికి సరిపోయినట్లే ఇది కూడా.

ఒక జీవి జన్యువును మరొక జీవిలో చేర్చి పని చేయించే విద్యను జన్యు ఇంజనీరింగు అంటారు. 1973లో అమెరికా శాస్త్రజ్ఞులు స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ ఈ విద్యకు దారి వేశారు. ఈ పద్ధతిలో బాక్టీరియా చేత తయారు చేయించిన ఇన్సులిన్ 1982లో మధుమేహ రోగులకు అందుబాటులోకి వచ్చింది. తెలుగునాట కూడా ఈ విద్య ఫలించింది. వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో హైదరాబాదులో హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. కామెర్ల వైరస్‌కు చెందిన ఒక జన్యువును ఈస్టు అనే సూక్ష్మజీవిలో చేర్చి ఆ టీకాను తయారు చేశారు. అంతవరకు దిగుమతి టీకా కొనలేని సామాన్యులకు అది ఎంతో మేలు చేసింది.

ఇప్పుడు మన 12 కార్బన్‌ల గొలుసు సంగతికి వద్దాం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ‘బే’ అనే చెట్టు పెరుగుతుంది. మనం బిర్యానీలో వేసే ఆకు చెట్టు, దాల్చినచెక్క చెట్టు, ఈ బే చెట్టు ఒకే కుటుంబానికి చెందినవి. బే చెట్టు గింజలలో లారిక్ ఆమ్లం విస్తారంగా ఉంటుంది. దానికి కారణం ఆ గింజలో ఉండే ఒక ఎంజైము. అది కత్తెర వంటిది. పెరుగుతున్న గొలుసు 12 కార్బన్‌లకు చేరగానే దానిని మోసే ప్రోటీను నుండి కత్తిరించి విడదీస్తుంది. విడిపోయిన గొలుసు ఇక పెరగదు. కాల్జీన్ సంస్థ శాస్త్రజ్ఞులు వోల్కర్, డేవీస్ ఈ కత్తెర జన్యువును ఇ.కోలైలో ప్రవేశపెట్టి, దాని ఫలితాలను 1994లో ప్రకటించారు.

మొదట వారికి ఆశించిన ఫలితం రాలేదు. కత్తెర చక్కగా తయారయింది, బాగా పదునుగానూ ఉంది. కాని లారిక్ ఆమ్లం మాత్రం కొద్దిగానే పోగయింది. కారణం ఆలోచిస్తే తేలికే. కొవ్వు ఆమ్లం బాక్టీరియాకు ఆహారం కూడా! ఒక చేత్తో తయారు చేస్తూ మరో చేత్తో తినేస్తూ ఉంటే నిలవ ఎలా ఉంటుంది? అప్పుడు వారు కొవ్వు ఆమ్లాలను తినే శక్తి లేని ఇ.కోలై రకాన్ని ఎన్నుకొని, అందులో ఈ కత్తెర జన్యువును ఉంచారు. ఈసారి ఫలితం అద్భుతంగా ఉంది. కొవ్వు ఆమ్లాల మొత్తం ఉత్పత్తి నాలుగు రెట్లయింది. మామూలుగా ఇ.కోలైలో స్వల్పంగా ఉండే లారిక్ ఆమ్లం అన్నింటికంటె అధికమయింది. అది కణం నుండి బయటికి వచ్చి, చుట్టూ ఉన్న ద్రవంలో చేరింది. దాని బరువు బాక్టీరియాల ఎండు బరువుతో దాదాపు సమానం కాగలిగింది.

ఉత్పత్తి నాలుగు రెట్లు ఎందుకు పెరిగింది? గోదాము నిండితే యజమాని మగ్గాలు ఆపిస్తాడు. సరుకు ఎప్పటికప్పుడు బయటికి పోతూ ఉంటే మగ్గాలు ఆగవు. కణంలోనూ అదే జరుగుతుందని ఆ శాస్త్రజ్ఞులు భావించారు. తయారైన గొలుసులు పోగుపడితే కొత్తవాటి తయారీ మందగిస్తుంది. కత్తెర వాటిని వెంటవెంటనే తొలగిస్తూ ఉండటంతో బాక్టీరియా పెరుగుదల ఆగిన తరువాత కూడా గొలుసుల తయారీ సాగుతూనే ఉంది. ఒక కొత్త అట్ట చేర్చడం, ఒక పాత అట్ట లేకుండా చేయడం అనే రెండు పనులు కలిసినప్పుడే కోరిన నేత వచ్చింది. ఈ ప్రయోగం తరువాత వచ్చిన పరిశోధకులకు గొప్ప పాఠం అయింది.

మరొక ఉదాహరణ చూద్దాం. జపాను శాస్త్రజ్ఞులు సముద్రపు కానాగంత జాతి చేప పేగులలో ఒక బాక్టీరియాను కనుగొన్నారు. అది 20 కార్బన్‌లు, 5 ద్విబంధాలు ఉన్న ఇ.పి.ఎ. అనే ఆమ్లాన్ని స్వయంగా తయారు చేస్తుంది. చేపనూనెలో ఉండే మేలైన ఆమ్లాలలో ఇది ఒకటి. యజావా బృందం ఆ బాక్టీరియా నుండి సంబంధిత జన్యువుల గుంపును తీసి ఇ.కోలైలో చేర్చగా అది కూడా ఇ.పి.ఎ.ను తయారు చేసింది. 1996లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. తరువాత డూపాంట్ సంస్థ శాస్త్రజ్ఞులు ఒక రకం ఈస్టులో ఇదే ఆమ్లాన్ని మరింత విరివిగా తయారు చేయించారు. 2013లో వారు ప్రకటించిన ప్రకారం ఆ ఈస్టులోని కొవ్వు ఆమ్లాలలో సగానికి మించి ఇ.పి.ఎ.యే ఉంది. చేప లేకుండానే చేపనూనె గుణం వచ్చిందన్నమాట.

అయితే ప్రతి ప్రయత్నమూ ఇంత సులభంగా నెరవేరదు. ఆముదం సంగతే చూడండి. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షం అని సామెత. పరిశ్రమలో మాత్రం అన్ని చెట్లూ ఉన్నా ఆముదానిదే ప్రత్యేక స్థానం. కందెనలు, రంగులు, ఒక రకం నైలాను, మనం చెప్పుకున్న టర్కీ రెడ్ ఆయిల్ అన్నీ దాని నుండి వస్తాయి. ఆముదపు గింజలో రిసిన్ అనే తీవ్రమైన విషం కూడా ఉంటుంది. కాబట్టి గింజలతో పని లేకుండా ఆ ఆమ్లాన్ని పొందాలని శాస్త్రజ్ఞులు ఆశించారు. గొలుసుకు కొమ్మను అతికించే ఎంజైము జన్యువును 1995లో ఆముదపు మొక్క నుండి వేరు చేశారు. కాని ఆ ఎంజైము మొక్క కణంలోని ప్రత్యేకమైన పొరలలో అమరి, మరొక ప్రోటీను సాయంతో పని చేస్తుంది. బాక్టీరియా కణంలో అటువంటి లోపలి పొరలు ఉండవు. కొలత కుదరని మగ్గానికి మంచి అట్టలు తెచ్చినా ప్రయోజనం లేదు. ఆ పొరలున్న ఈస్టులలో కొంత విజయం లభించింది. అయినా నేటికీ ప్రపంచానికి ఆముదాన్ని అందిస్తున్నది చేనే. అందులోనూ సింహభాగం మన దేశానిదే.

బాక్టీరియాల చేత నూనె తయారు చేయించడానికి ప్రయోగశాలలోని గాజుకుప్పె చాలదు. పెద్ద ఉక్కు తొట్లు కావాలి. వాటిలో వేడి, గాలి, ఆమ్లత్వం ఎల్లవేళలా సరిగా ఉండాలి. వేరే సూక్ష్మజీవి ఒక్కటి చొరబడినా తొట్టి మొత్తం పాడవుతుంది. తయారైన కొవ్వు ఆమ్లం ఎక్కువైతే బాక్టీరియా పొరనే దెబ్బతీస్తుంది. చివరకు ద్రవం నుండి దానిని వేరుచేయాలి. వీటన్నింటికీ ఖర్చు అవుతుంది. అందుచేత సబ్బుకు వాడే చౌక నూనెలతో బాక్టీరియా నూనె పోటీపడటం కష్టం. అరుదైన, ఖరీదైన ప్రత్యేక కొవ్వు ఆమ్లాల విషయంలోనే ఈ పద్ధతి గిట్టుబాటు అయ్యే అవకాశం ఎక్కువ.

ఇక్కడ మనం గమనించవలసిన ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. అట్టలు మార్చి నేతను మార్చవచ్చు. కాని అట్టలు నూలును ఇవ్వవు. బాక్టీరియాకు నూలు వంటిది చక్కెర. లెక్కవేసి చూస్తే, ఏ లోటూ లేకుండా పని జరిగినా ఒక కిలో కొవ్వు ఆమ్లానికి సుమారు మూడు కిలోల చక్కెర కావాలి. ఆ చక్కెర ఎక్కడి నుండి వస్తుంది? చెరకు నుండి. చెరకుకు ఏం కావాలి? నీరు.

సోలాపూర్ జిల్లా పిల్లలకు ఈ లెక్క తెలియనిది కాదు. ఇది వానలు తక్కువగా పడే జిల్లా. అయినా చక్కెర కర్మాగారాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. భీమా నది మీది ఉజనీ జలాశయం నీరు చెరకు తోటలకూ కావాలి, ఊళ్ల దాహానికీ కావాలి. ఇదే జిల్లా నల్లరేగడి నేలలలో కుసుమ పంట కూడా పండుతుంది. దీనినే మరాఠీలో కర్డీ అంటారు. వానలు వెళ్లిన తరువాత నేలలో మిగిలిన తేమతోనే పెరిగి నూనె ఇవ్వగల పంట ఇది. సోలాపూర్‌లో కుసుమ మీద పరిశోధన చేసే కేంద్రం ఉంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థ కుసుమ మీద, ఆముదం మీద కూడా పని చేస్తున్నది. నీరు తాగే చెరకును పండించి, ఆ చక్కెరను బాక్టీరియాకు పెట్టి, కుసుమ చేను తక్కువ నీటితో ఇచ్చే నూనెనే తొట్టిలో తయారు చేయడం తెలివైన పని అనిపించుకోదు. చేను ఇవ్వలేనిదాన్ని తయారు చేయించినప్పుడే బాక్టీరియావల్ల నిజమైన లాభం.

చక్కెరకు బదులు వ్యర్థపదార్థాలను వాడే మార్గం కూడా శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు. జే కీస్లింగ్ బృందం 2010లో ఒక ఇ.కోలై రకాన్ని రూపొందించింది. మొక్కల పీచులో ఉండే హెమిసెల్యులోజ్ అనే పదార్థాన్ని ఆ బాక్టీరియా తానే విడగొట్టి, దాని నుండి ఇంధనంగా పనికివచ్చే కొవ్వు పదార్థాలను తయారు చేయగలిగింది. చెరకు పిప్పిలో హెమిసెల్యులోజ్ ఉంటుంది. జొన్న చొప్పలోనూ ఉంటుంది. నూలు వ్యర్థాలలో సెల్యులోజ్ ఉంటుంది. ఇటువంటి వాటిని చవకగా చక్కెరలుగా మార్చగలిగితే, పొలాన్ని, నీటిని అదనంగా అడగకుండానే బాక్టీరియా కడుపు నింపవచ్చు. ఈ పని పెద్ద ఎత్తున జరగాలంటే ఇంకా ఎంతో కృషి జరగాలి.

జన్యువులు మార్చిన సూక్ష్మజీవులను ఎలా పడితే అలా వాడకూడదు. ఈ విద్య పుట్టిన కొద్దికాలానికే, 1975లో, శాస్త్రజ్ఞులు కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో సమావేశమై తమ ప్రయోగాలకు తామే హద్దులు ఏర్పరచుకున్నారు. మన దేశంలో పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో దీనికి నియమాలు చేశారు. ఇటువంటి జీవులను తయారు చేయడానికి, నిలవ చేయడానికి, దిగుమతి చేయడానికి అనుమతి ఉండాలి. తొట్టిలోని బాక్టీరియా తొట్టిలోనే ఉండాలి. పని ముగిసిన తరువాత దానిని చంపి, ఆపైనే వ్యర్థజలాన్ని వదలాలి.

మరొక ప్రశ్న మిగిలి ఉంది. అది ప్రయోగశాలలో తేలేది కాదు. కొత్త యంత్రం వచ్చినప్పుడు పాత పనివాడి గతి ఏమిటి? చేమగ్గం పోయి మరమగ్గం వచ్చినప్పుడు ఎంత మార్పు జరిగిందో సోలాపూర్ పెద్దలను అడిగితే చెబుతారు. కొందరికి పని పెరిగింది, కొందరికి చేతిలోని విద్య మూలపడింది. ఈ పేటల పూర్వీకులు వదిలివచ్చిన నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట భూములలో ఆముదం ఒకప్పుడు విరివిగా పండేది. వేరే పంటకు నీరు లేని రైతుకు అదే ఆధారం. రేపు తొట్టిలోనే రిసినోలిక్ ఆమ్లం చవకగా తయారైతే ఆముదం పండించే రైతు ఏం చేయాలి? ఆ ఆలోచన తొట్టి కట్టకముందే జరగాలి. ఆ లాభంలో రైతుకు, కార్మికునికి కూడా చోటు ఉండాలి. అలా కాకపోతే విజ్ఞానం కొందరికే వరం, మిగిలినవారికి భారం అవుతుంది.

జకార్డు అట్ట కొట్టేవాడు ముందుగా గళ్ల కాగితం మీద బొమ్మ గీసుకుంటాడు. ఏ గడిలో రంధ్రం కొట్టాలో, ఏ గడిని వదలాలో ఓపికగా నిర్ణయిస్తాడు. ఒక్క రంధ్రం తప్పితే నెమలి మెడ వంకరపోతుంది. జన్యువులతో పనిచేసే శాస్త్రజ్ఞునికి కావలసింది కూడా ఆ ఓపిక, ఆ చూపే. నేతపేటలలో పుట్టిన పిల్లలకు ఈ రెండూ పుట్టుకతోనే పరిచయం. కాబట్టి ఈ విద్య మనకు దూరమైనదని అనుకోవలసిన పనిలేదు. రసాయన శాస్త్రాన్ని, జీవశాస్త్రాన్ని శ్రద్ధగా చదివితే ఈ కొత్త మగ్గం ముందు కూర్చునే అర్హత ఎవరికైనా లభిస్తుంది. అప్పుడు ఏ అట్ట కొట్టాలి, ఏ నూలు వాడాలి, ఆ వస్త్రం ఎవరికి అందాలి అనే మూడు ప్రశ్నలనూ మనమే వేసుకొని, మనమే జవాబు చెప్పగలుగుతాం.